తక్కువ కార్బ్ టోర్టియాలు, ర్యాప్‌లు: అమెరికా సూపర్ మార్కెట్‌లో ఏవి కొనాలి?

ప్లేనో వాసి:
అందరికీ నమస్కారం. మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి కొన్ని నెలల పాటు మా దగ్గర ఉంటున్నారు. ఆమెకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. మాత్రలే వాడుతున్నారు, ఇన్సులిన్ లేదు. రాత్రిపూట మూడు పుల్కాలు, ఏదో ఒక కూర, చివర్లో మజ్జిగ తీసుకోవడం ఆమె అలవాటు. బయలుదేరే ముందు అక్కడి డాక్టరుగారు రాత్రి భోజనంలో పిండిపదార్థాలు తగ్గించమని చెప్పారట. చేత్తో తుంచి కూరలో అద్దుకుని తినేది ఏదో ఒకటి లేకపోతే భోజనం చేసినట్టే ఉండదని ఆమె అంటున్నారు కాబట్టి, ఇక్కడ దొరికే తక్కువ కార్బ్ (అంటే పిండిపదార్థాలు తగ్గించి చేసిన) టోర్టియాలు, అవే మెక్సికో తరహా పల్చటి రొట్టెలు, పుల్కాలకు బదులు పెడదామనుకుంటున్నాను.

క్రోగర్‌లో ఆ అర ముందు నిలబడితే నాకేమీ అర్థం కాలేదు. ఒకదాని మీద జీరో నెట్ కార్బ్స్ అని, ఇంకొకదాని మీద హై ఫైబర్ అని, మరొకదాని మీద గ్రెయిన్ ఫ్రీ అని ఉంది. పాలకూర రంగులో ఉన్నవి, టమాటా రంగులో ఉన్నవి వేరే. ఫ్రిజ్ వరుసలో కోడిగుడ్డుతో చేసినవి కూడా కనిపించాయి గానీ, అత్తగారు గుడ్డు ముట్టుకోరు. వీటిలో నిజంగా పనికొచ్చేవి ఏవో, పేరుకు మాత్రమే ఆరోగ్యకరమైనవి ఏవో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

వంటింటి లెక్కలు:
ప్లేనో వాసి గారూ, ప్యాకెట్ ముందువైపు రాసినదంతా అమ్మకం కోసం రాసినదే అనుకుని, నేరుగా వెనక్కి తిప్పి చూడండి. నెట్ కార్బ్స్ అన్న మాటకు ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) నిర్వచనమేదీ ఇవ్వలేదు, కీటో (కార్బ్స్ బాగా తగ్గించే ఆహారపద్ధతి) అన్న మాటకూ అంతే. మొత్తం కార్బ్స్‌లోంచి పీచును, సందర్భాన్ని బట్టి చక్కెరకు బదులు వాడే షుగర్ ఆల్కహాల్, అల్యులోజ్ వంటి తీపి పదార్థాలను కూడా తీసివేసి, మిగిలిన అంకెను కంపెనీలే పెద్ద అక్షరాలతో వేసుకుంటాయి. వెనకవైపు ఉండే పోషకాల పట్టిక మాత్రం చట్టప్రకారం ఉండాల్సినది కాబట్టి మన లెక్క అక్కడి నుంచే మొదలుకావాలి.

అన్నిటికన్నా ముందు చూడవలసింది బరువు. ఆరు అంగుళాల చిన్న టోర్టియాను పది అంగుళాల బరీటో టోర్టియాతో పోల్చి, మొదటిదానిలో కార్బ్స్ తక్కువగా ఉన్నాయని మురిసిపోవడం అర్థం లేని పని. ఒక వడ్డన అంటే ఎన్ని అని కూడా చూడండి, ఎందుకంటే మొక్కజొన్న టోర్టియాలకు రెండో మూడో కలిపి ఒక వడ్డనగా లెక్కిస్తారు, లవాష్ అనే పెద్ద పల్చటి రొట్టెల్లో కొన్నింటికి సగం రొట్టెనే ఒక వడ్డనగా రాస్తారు.

ఉదాహరణకు ఎనిమిది అంగుళాల తక్కువ కార్బ్ టోర్టియా ప్యాకెట్ ఒకటి తీసుకుందాం. ఒక్కొక్కటి 43 గ్రాములు, 70 క్యాలరీలు, కొవ్వు 3 గ్రాములు, మొత్తం కార్బ్స్ 19 గ్రాములు, అందులో పీచు 15 గ్రాములు, ప్రోటీన్ 5 గ్రాములు. గ్రాముకు కార్బ్స్‌కూ ప్రోటీన్‌కూ 4, కొవ్వుకు 9 క్యాలరీల చొప్పున వేస్తే, పీచు పోగా మిగిలిన 4 గ్రాములకు 16 క్యాలరీలు, ప్రోటీన్‌కు 20, కొవ్వుకు 27, వెరసి 63. పీచులో కొంత భాగం పెద్దపేగులో పులిసి కాస్త శక్తినిస్తుంది, పైగా యాభై దాటిన క్యాలరీలను పట్టికలో పదుల్లోకి సవరించి రాస్తారు కాబట్టి, 70 అన్నది పొసిగే అంకే. ఇదే పద్ధతిలో మీ చేతిలోని ప్యాకెట్‌ను లెక్కకట్టినప్పుడు, క్యాలరీలు మీకు వచ్చిన మొత్తం కన్నా చాలా ఎక్కువగా కనిపిస్తే, ఆ పీచులో చాలా భాగం ఒంటికి పడుతోందని కంపెనీ తానే ఒప్పుకుంటున్నట్టు అనుకోవచ్చు.

ఇక పోలికకు, అదే పరిమాణంలో ఉండే మామూలు మైదా టోర్టియాలో 140 క్యాలరీల దాకా, 24 గ్రాముల అటూఇటూ కార్బ్స్ ఉంటాయి, పీచు ఒక గ్రాము ఉంటే గొప్ప. మన ఇంట్లో 30 గ్రాముల గోధుమపిండితో చేసే పుల్కాలో 21 గ్రాముల చుట్టుపక్కల కార్బ్స్, 3 గ్రాముల పీచు ఉంటాయి. అత్తగారి మూడు పుల్కాలంటే పీచు పోను 50 గ్రాములకు పైమాటే. రెండు తక్కువ కార్బ్ టోర్టియాలైతే, లేబుల్‌ను పూర్తిగా నమ్మితే, పది లోపు.

పాలకూర రంగువాటిని అక్కడే వదిలేయండి. వాటిలో చాలావరకు మైదాయే, పాలకూర పొడి పేరుకు మాత్రమే ఉంటుంది. పది అంగుళాలదాంట్లో కార్బ్స్ 35 గ్రాముల దాకా పోతాయి.

ఎడిసన్ బాబాయి:
లెక్కలు బాగానే ఉన్నాయి గానీ, ఆ 15 గ్రాముల పీచు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి కదమ్మా. గోధుమలో సహజంగా అంత పీచు లేదు. దినుసుల జాబితాలో నీటి తర్వాత మాడిఫైడ్ వీట్ స్టార్చ్ అని ఉంటుంది చూడండి, అసలు కథ అక్కడుంది. గోధుమ గంజిపొడిని ఫాస్ఫేట్లతో రసాయనికంగా ముడివేసి, మన జీర్ణరసాలు సులువుగా తెంచలేని విధంగా తయారు చేస్తారు. దీన్ని నాలుగో రకం రెసిస్టెంట్ స్టార్చ్ అంటారు. 2016లో ఎఫ్‌డీఏ పోషకాల పట్టికను సవరించినప్పుడు, విడదీసి తీసిన పీచును గానీ, తయారుచేసిన పీచును గానీ ఆరోగ్యానికి మేలు చేస్తుందని చూపితేనే పీచుగా లెక్కించాలని నిబంధన పెట్టింది. 2018లో ఇనులిన్ (ఇన్సులిన్ కాదు, మొక్కల నుంచి తీసే ఒక పీచు) వంటి కొన్నింటిని, 2019లో ఈ ఫాస్ఫేట్ ముడివేసిన స్టార్చ్‌ను ఆ జాబితాలో చేర్చింది. ఒకప్పుడు ఇలాంటి రొట్టెల్లో తీపి కోసం, మెత్తదనం కోసం విరివిగా వాడిన ఐసోమాల్టో ఆలిగోశాకరైడ్‌కు మాత్రం ఆ గుర్తింపు దక్కలేదు, ఎందుకంటే అది చాలావరకు జీర్ణమై చక్కెరగానే మారుతుంది.

నేను చెప్పేదేమిటంటే, చట్టం దాన్ని పీచు అన్నంత మాత్రాన ప్రతి ఒంట్లోనూ అది పీచులాగే నడవదు. నాకు కూడా షుగరే. ఒక రకం టోర్టియా తింటే నా మీటర్ అంకె దాదాపు కదలదు, అదే నెట్ కార్బ్స్ అంకె ఉన్న ఇంకో కంపెనీ దానితో బాగా పెరుగుతుంది. నా మిత్రుడికి ఇది సరిగ్గా తలకిందులు. అందుచేత ఏ కంపెనీది మంచిదని ఇక్కడ అడగడం కన్నా, ఆమె వేలి మీద ఒక చుక్క రక్తాన్ని అడగడం మేలు. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఒకసారి పరీక్షించండి. ఈ రకం స్టార్చ్ ఆలస్యంగా కరగవచ్చు కాబట్టి మూడు గంటలకు కూడా చూస్తే మంచిది. ఒకరోజు పుల్కాలతో, మరోరోజు టోర్టియాలతో చూసి పోల్చండి. కూర మాత్రం రెండు రోజులూ ఒకటే ఉండాలి, బంగాళదుంప వేపుడు ఒకరోజు, బీరకాయ ఇంకోరోజు పెడితే ఆ పోలిక ఎందుకూ కొరగాదు.

మందుల చీటీ:
నేను ఒహాయోలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. కార్బ్స్ మాట తర్వాత చూద్దాం, ప్లేనో వాసి గారూ, అత్తగారు వాడే మాత్రల పేర్లు ముందు చూసి చెప్పండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం అరుదు. కానీ మన దేశంలో మెట్‌ఫార్మిన్‌తో గ్లిమెపిరైడ్‌ను కలిపి ఒకే మాత్రగా ఇవ్వడం చాలా మామూలు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివి ఆమె ఎంత తిన్నారన్నది చూడకుండా క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. మూడు పుల్కాల భోజనానికి సరిపడేలా నిర్ణయించిన మోతాదును అలాగే ఉంచి, ఆ భోజనంలో యాభై గ్రాముల కార్బ్స్‌ను ఒక్కసారిగా పదికి దించితే, రాత్రి నిద్రలో షుగర్ 70 కన్నా తక్కువకు పడిపోవచ్చు. వయసు మళ్లినవారిలో ఇది చెమటలు, తడబాటు, మాట తికమకపడటం రూపంలో కనిపిస్తుంది. నిద్రలో జరిగితే పక్కవారికి తెలియదు కూడా.

ఆహారం మార్చబోయే ముందు గుంటూరు డాక్టరుగారితో ఒక్కసారి ఫోనులో మాట్లాడి, రాత్రి మాత్ర మోతాదు మార్చాలా అని అడగండి. మీ అంతట మీరు మాత్ర తగ్గించవద్దు, మానిపించవద్దు. మూత్రపిండాల సమస్య ఉండి ఫాస్ఫరస్ తగ్గించమని చెప్పి ఉంటే, ఎడిసన్ బాబాయిగారు చెప్పిన ఫాస్ఫేట్ స్టార్చ్ సంగతి కూడా డాక్టరుగారి చెవిన వేయండి.

గోంగూర గిన్నె:
శాకాహారులకు ఇంకో చిక్కుంది, దాన్ని ఎవరూ చెప్పలేదు. మెక్సికో పద్ధతి గోధుమ టోర్టియాల్లో సంప్రదాయంగా పంది కొవ్వు వేస్తారు. ఇప్పుడు పెద్ద కంపెనీల తక్కువ కార్బ్ రకాల్లో ఎక్కువగా వెజిటబుల్ షార్టెనింగో నూనెయో వాడుతున్నారు గానీ, దుకాణంలోనే అప్పటికప్పుడు వేడిగా చేసి అమ్మే వాటిలో, చిన్న స్థానిక తయారీల్లో లార్డ్, అంటే ఆ పంది కొవ్వే, ఉండే అవకాశం ఉంది కాబట్టి దినుసుల జాబితాలో ఆ మాట కోసం వెతకండి. స్పానిష్‌లో రాసి ఉంటే మాంటెకా అన్న పదం కనిపిస్తుంది. రొట్టె మెత్తగా ఉండేందుకు కలిపే మోనో, డై గ్లిజరైడ్లు అనే కొవ్వు పదార్థాలు మొక్కల నుంచి రావచ్చు, జంతువుల నుంచీ రావచ్చు, జాబితా చూసి చెప్పలేము. పట్టింపు గట్టిగా ఉన్నవారు కంపెనీకి రాసి అడగడమో, వీగన్ ముద్ర ఉన్నది కొనడమో చేయాలి. జున్నుతో చేసిన పల్చటి ర్యాప్‌లలో కార్బ్స్ దాదాపు ఉండవని చూసి మేము సంతోషించాము గానీ, ఆ జున్నును విరగ్గొట్టే రెనెట్ దూడ కడుపు నుంచి తీసినది కావచ్చని తెలిశాక వెజిటేరియన్ రెనెట్ అని రాసినది తప్ప తేవడం లేదు.

ఇక రుచి. నిజం చెప్పాలంటే వీటిని నేరుగా ప్యాకెట్‌లోంచి తీసి ఇస్తే మీ అత్తగారు ఒక్క ముక్కతో పక్కన పెడతారు. పిండి తగ్గించి, గ్లూటెన్ (గోధుమలో సాగే గుణాన్నిచ్చే ప్రోటీన్) పెంచి చేసినవి కాబట్టి చల్లగా ఉన్నప్పుడు రబ్బరులా సాగుతాయి, కొంచెం పుల్లటి వాసన కూడా ఉంటుంది, బూజు పట్టకుండా వేసే ప్రొపియోనేట్, సోర్బేట్, ఫ్యూమరిక్ ఆమ్లాల ప్రభావం అది. పెనం బాగా కాగాక నూనె లేకుండా ఒక్కో వైపు ఇరవై, ముప్పై క్షణాలు ఉంచి, పొంగు కనిపించగానే తీసి, రవ్వంత నెయ్యి రాసి, మూత ఉన్న డబ్బాలో గుడ్డ వేసి పెట్టండి. ఆ వాసన పోతుంది, మెత్తబడుతుంది. పెనం మీద ఇంకాస్త ఉంచారా, అప్పడంలా విరుగుతుంది. మైక్రోవేవ్ అయితే తడి కాగితపు తువ్వాలు మధ్యన పెట్టి పదిహేను క్షణాలు చాలు. పప్పు, పులుసు కూరలు వీటికి అంతగా నప్పవు, జారిపోతాయి. వంకాయ కారం పెట్టిన కూర, పనీరు బుర్జీ, గట్టిగా చేసిన గోంగూర పచ్చడి బాగా నప్పుతాయి.

కొల్లేటి కొంగ:
గుడ్డు తినేవారికి మాత్రం ఎగ్‌లైఫ్ వంటి తెల్లసొన ర్యాప్‌లు ఉన్నాయి. ఒక్కోదానిలో కార్బ్స్ ఒక గ్రాము లోపే, ప్రోటీన్ ఐదు గ్రాములకు తగ్గదు. టోర్టియాల అరలో వెతికితే దొరకవు, ఫ్రిజ్ వరుసలో ఉంటాయి. చికెన్ వేపుడు చుట్టుకుంటే అద్భుతం. ప్లేనో వాసి గారికి పనికిరాదని తెలుసు, చదివే మిగతావారి కోసం రాశాను.

పొత్తికడుపు:
పీచు బాధ గురించి ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి నేను చెబుతున్నాను. రోజుకు 28 గ్రాముల పీచు చాలునన్నది ఇక్కడి లేబుళ్ల మీద వాడే ప్రమాణం. ఇలాంటి టోర్టియాలు రెండు తింటే ఒక్క పూటలోనే 30 గ్రాములు లోపలికి పోతాయి. అలవాటు లేని కడుపుకు, అందులోనూ ప్రయాణం చేసి వచ్చిన పెద్దవారికి, అంత పీచు ఒకేసారి ఇస్తే ఉబ్బరం, గ్యాస్, ఒక్కోసారి విరేచనాలు, నీళ్లు సరిగా తాగకపోతే మలబద్ధకం తప్పవు. మొదట ఒక పుల్కా, ఒక టోర్టియా కలిపి పెట్టి, నెమ్మదిగా మార్చడం నయం. మందుల చీటీ గారు చెప్పిన షుగర్ పడిపోయే ప్రమాదానికి కూడా ఈ పద్ధతే కాస్త రక్షణ.

గోధుమ పడనివారు, ముఖ్యంగా సీలియాక్ (గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) ఉన్నవారు, ఈ తక్కువ కార్బ్ గోధుమ రకాల జోలికే పోకూడదు. మామూలు రొట్టెలో కన్నా వీటిలో గ్లూటెన్ ఎక్కువగా కలుపుతారు. గ్రెయిన్ ఫ్రీ అని కనిపించేవి వారికి పనికొస్తాయి గానీ, అవన్నీ తక్కువ కార్బ్ అనుకుంటే పొరపాటు. సియెటే కంపెనీ వారి కసావా టోర్టియా కర్రపెండలం పిండితో చేసినది, అంటే సగ్గుబియ్యం వచ్చే దుంపే. వారి బాదం పిండి రకంలో కూడా రెండో దినుసు టపియోకాయే. కాలీఫ్లవర్ ర్యాప్ అని రాసినవాటిలోనూ చాలా చోట్ల ఇదే తంతు.

ఈస్ట్ హామ్ అన్నయ్య:
లండన్ నుంచి చదివేవారికి ఒక్క మాట. ఇక్కడి లేబుల్ మీద కార్బోహైడ్రేట్ అని రాసే అంకెలో పీచు ముందే మినహాయించి ఉంటుంది. అమెరికా పద్ధతి చదివి మళ్లీ పీచును తీసివేస్తే లెక్క రెండుసార్లు తగ్గిపోతుంది, ఇన్సులిన్ వేసుకునేవారికి అది ప్రమాదకరం.

నల్లకుంట నుంచి:
హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో కూడా ఇప్పుడు మల్టీగ్రెయిన్ ర్యాప్‌లు, కీటో ఆటా ప్యాకెట్లు వరుసగా పేర్చి ఉంటున్నాయి. మల్టీగ్రెయిన్ ర్యాప్ అని కొని వెనక చూస్తే మొదటి దినుసు రిఫైన్డ్ వీట్ ఫ్లోర్, అంటే మైదా, జొన్న, రాగి కలిపి రెండు మూడు శాతం. మన పట్టికలు 100 గ్రాములకు ఇస్తారు కాబట్టి వేర్వేరు ప్యాకెట్లను పోల్చడం నిజానికి అమెరికా కన్నా ఇక్కడే సులువు. నాదొక సందేహం. ఇంత తంటాలు పడి ఫ్యాక్టరీ రొట్టె కొనే బదులు రాత్రికి రెండు పెసరట్లు వేసి పెడితే సరిపోదా?

వంటింటి లెక్కలు:
నల్లకుంట గారూ, పెసరట్టు మంచిదే, కానీ తక్కువ కార్బ్ కాదు. 30 గ్రాముల పెసలలో 18 గ్రాముల దాకా కార్బ్స్, 5 గ్రాముల పీచు, 7 గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. అంటే పుల్కా కన్నా మెరుగు, టోర్టియా లేబుల్ కన్నా ఎక్కువ. పీచు, ప్రోటీన్ సహజంగా ఉన్నవి కాబట్టి షుగర్ నెమ్మదిగా పెరుగుతుందన్నది నిజమే. నన్నడిగితే వారంలో కొన్ని రాత్రులు పెసరట్టు, కొన్ని రాత్రులు ఇది, రోజూ ఈ ఫ్యాక్టరీ సరుకు మీదే బతకాల్సిన పనిలేదు. ఒక్కోదానిలో ఉప్పు తాలూకు సోడియం కూడా తక్కువేమీ ఉండదు, బీపీ ఉన్నవారు ఆ వరుస కూడా చదవాలి.

ప్లేనో వాసి:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. మందుల చీటీ గారూ, మీరు అడగడమే మంచిదైంది. మాత్రల అట్ట తీసి చూస్తే మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసినదే. డాక్టరుగారితో మాట్లాడాము. ఆయన రాత్రి మాత్రను మార్చి, మొదట్లో రోజూ పడుకోబోయే ముందు కూడా షుగర్ చూసి తనకు వాట్సాప్‌లో పంపమన్నారు.

చివరికి మిషన్ కార్బ్ బ్యాలెన్స్, ఎక్స్‌ట్రీమ్ వెల్‌నెస్ రెండూ ఎనిమిది అంగుళాలవి తెచ్చాను. రెండింటి దినుసుల్లోనూ లార్డ్ లేదు. గోంగూర గిన్నె గారు చెప్పినట్టు కాల్చి నెయ్యి రాసి పెడితే, మొదటిది పరవాలేదన్నారు, రెండోది పల్చగా ఉందని, తుంచితే బాగా తెగుతోందని ఎక్కువ ఇష్టపడ్డారు. బీరకాయ కూరతోనే పోల్చి చూశాము. పుల్కాలతో రెండు గంటలకు 214 ఉన్నది, ఒక పుల్కా, ఒక టోర్టియాతో 171 అయింది. దీన్ని నమ్మవచ్చా?

ఎడిసన్ బాబాయి:
మంచి సూచనే గానీ, ఒక్క జత అంకెలను పట్టుకుని తీర్పు చెప్పకమ్మా. ఇంటి మీటర్లకే పది, పదిహేను శాతం అటూఇటూ తేడా ఉంటుంది. పైగా ఈలోగా మాత్ర మారింది, తినబోయే ముందు అంకెలు రెండు రోజులూ ఒకటేనా అన్నది కూడా రాయలేదు. 120 నుంచి 171కి వెళ్లడం వేరు, 160 నుంచి వెళ్లడం వేరు. ఇకపై పెరుగుదలను రాసుకోండి, చివరి అంకెను మాత్రమే కాదు. రెండు కంపెనీలవీ విడివిడిగా చూడండి, కలిపి పెడితే ఏది ఎలా నడుస్తోందో తెలియదు. తిన్న తర్వాత 180 లోపు ఉండాలన్నది అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సాధారణంగా చెప్పే లక్ష్యం, పెద్ద వయసువారికి డాక్టర్లు దాన్ని సడలిస్తారు కాబట్టి ఆమె లక్ష్యం ఎంతో ఆయననే అడగండి.

ప్లేనో వాసి:
అలాగేనండీ, ముందు అంకె కూడా రాస్తాను. చివరిగా ఒక చిన్న ప్రశ్న. కాస్ట్‌కోలో పెద్ద ప్యాకెట్ చవకగా ఉంది. మేమిద్దరం అన్నమే తింటాం, ఆమె రాత్రికి ఒకటో రెండో తింటారు. పాడైపోకుండా ఉంటాయా?

గోంగూర గిన్నె:
విప్పిన ప్యాకెట్‌ను బయట పెట్టవద్దు, తేమ ఎక్కువగా ఉండే రొట్టెలు కాబట్టి అంచుల దగ్గర త్వరగా బూజు వస్తుంది. తెచ్చిన రోజే వారానికి సరిపడా ఫ్రిజ్‌లో ఉంచి, మిగతావాటి మధ్యన మైనపు కాగితం ముక్కలు పెట్టి, గాలి తీసిన జిప్ సంచుల్లో నాలుగేసి చొప్పున ఫ్రీజర్‌లో వేయండి. కాగితం లేకపోతే ఒకదానికొకటి అంటుకుని, విడదీసేటప్పుడు చిరుగుతాయి. ముందురోజు రాత్రి ఒక సంచి కిందికి దించితే చాలు. కరిగాక మళ్లీ గడ్డకట్టించవద్దు, పొడిబారి పగుళ్లు వస్తాయి. అలా పగిలినవాటిని ముక్కలు కోసి, కాస్త నూనె, ఉప్పు, కారం పట్టించి ఓవెన్‌లో కరకరలాడేలా కాలిస్తే సాయంత్రం టీలోకి ఆమెకు చేగోడీల బదులు పెట్టవచ్చు.